కాలిబాట ఋణం

మనిషి శీలాన్ని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగులో మనం 'నడత' అంటాము, 'నడవడి' అంటాము. హిందీవారు 'చాల్‌చలన్' అంటారు. సంస్కృతంలో ఆచారం, చరిత్రం, సంచారం అనే మూడు పదాలూ 'చర' ధాతువునుండే పుట్టినవి. ఆ ధాతువునకు తిరుగుట, నడచుట అని అర్థం. కాలు దారిమీద వేసే అడుగుకూ, మనస్సు ధర్మంమీద వేసే అడుగుకూ వేర్వేరు మాటలు అవసరమని మన పూర్వులకు తోచలేదు. మూడు భాషలు ఇట్లా ఒకే మాట చెప్పుతూ ఉంటే దానిని కాకతాళీయమని త్రోసివేయడం తేలిక కాదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పనిమీద పోయేవాని నడకను మంచిదనో చెడ్డదనో తేల్చవచ్చు. ఆ పనినిబట్టి ఆ నడకకు పేరు వస్తుంది. దొంగతనానికి పోయేవాని నడక, వైద్యుణ్ణి పిలువబోయేవాని నడక ఒకటి కావు గదా. మరి ఏ పనీ లేకుండా, ఎక్కడికీ చేరవలసిన అవసరం లేకుండా, పొలాల గట్లవెంట ఊరికే నడిచి, దారిలో కనబడిన పువ్వునో పిట్టనో చూచి సంతోషించి ఇంటికి వచ్చేవాని సంగతి ఏమిటి? అతని నడక నడతలో చేరుతుందా? లేక నడతకు బయట నిలిచిన ఒక విలాసమా? ఈ ప్రశ్నను నేను పుస్తకాలలోనుండి ఎత్తుకొనలేదు. ఒక ముసలి రైతు నన్ను అడిగినాడు.

కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే అని మనవైపు సామెత. నేను ఎం.ఏ. చదువుకోసం కాశీకి వచ్చి, ఆ సామెతను సగం నిజం చేసి, ముప్పై ఏళ్ళకు పైగా ఇక్కడనే ఉండిపోయినాను. హిందీనుండి తెలుగులోకి, తెలుగునుండి హిందీలోకి గ్రంథాలను మార్చడం నా వృత్తి. రోజంతా కూర్చుని చేసే పని. దానికి విరుగుడుగా ఉదయం పూట శివపురం దాటి, వరుణానదికి ఉత్తరంగా ఉన్న పొలాలలో రెండు క్రోసుల దూరం నడవడం 2001 చలికాలంలో మొదలుపెట్టినాను. కాశీ అంటే గంగ ఒడ్డున మెట్లూ, ఇరుకు సందులూ, చితిమంటలూ అని యాత్రికులకు తెలుసు. ఊరి పేరులో సగాన్ని ఇచ్చిందని చెప్పుకొనే వరుణను చూడడానికి ఎవరూ రారు. పట్టణపు మురుగును మోసుకొనిపోయే ఆ నది, పట్టణానికి ఎగువన మాత్రం ఇంకా నదివలెనే ఉంటుంది. దాని ఒడ్డున గోధుమ, ఆవాలు, బఠాణీ, కంది పొలాలూ, నడుమ మామిడి తోపులూ, ఇప్పచెట్లూ ఉంటాయి.

ఆ రైతును ఊళ్ళో అందరూ కాకా అని పిలిచేవారు. నేనూ అట్లాగే పిలిచినాను. కొన్ని నెలలు నన్ను గమనించి ఒకనాడు గట్టుమీద ఆపి, "రోజూ ఎక్కడికి పోతారు బాబూజీ?" అని అడిగినాడు.

"ఎక్కడికీ లేదు కాకా, ఊరికే నడుస్తాను" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "మా దారిలో ఊరికే నడిచే మనిషిని ఇంతవరకు చూడలేదు. గడ్డికి పోతారు, బావికి పోతారు, చుట్టాలింటికి పోతారు, స్మశానానికి పోతారు. పని లేకపోతే నీడలో కూర్చుంటారు" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకనే అది నాలో నాటుకొన్నది.

ఇంటికి వచ్చి మన సంప్రదాయాన్ని నా పక్షాన సాక్ష్యానికి పిలిచినాను. ఐతరేయ బ్రాహ్మణంలో ఇంద్రుడు బ్రాహ్మణవేషంలో వచ్చి, అడవినుండి ఇంటికి మరలబోయే రోహితునికి సంచారమే శ్రేయస్కరమని మళ్ళీ మళ్ళీ బోధిస్తాడు. బుద్ధభగవానుడు బోధ పొందిన తరువాత మొదటి ఉపదేశం చేయడానికి గయ ప్రాంతంనుండి మా సారనాథ్ వరకు కాలినడకన వచ్చినాడు. ఇప్పటికీ భక్తులు కాశీచుట్టూ దాదాపు 80 కిలోమీటర్ల పంచక్రోశీమార్గాన్ని కాలినడకన చుట్టివస్తారు. ఆ దారిలోని అయిదు మజిలీలలో శివపురం ఒకటి. గాంధీజీ 1930 మార్చి 12న సబర్మతినుండి బయలుదేరి దండి సముద్రతీరానికి నడిచినాడు. 1951 ఏప్రిల్ 18న తెలంగాణలోని పోచంపల్లిలో భూదానానికి నాంది పలికిన వినోబాజీ ఆ తరువాత ఏళ్ళ తరబడి ఈ దేశాన్ని అడుగులతో కొలిచినాడు. రాహుల్ సాంకృత్యాయన్ దేశాటనమును ఒక శాస్త్రంగానే భావించి 'ఘుమక్కడ్ శాస్త్ర' అని గ్రంథం వ్రాసినాడు.

సాక్షులందరూ గొప్పవారే. కాని ఒక్కరూ నా పక్షాన మాట్లాడలేదు. రోహితుని సంచారం వెనుక ప్రాణభయం ఉన్నది. బుద్ధుని నడక వెనుక కరుణ, యాత్రికుని నడక వెనుక మోక్షకాంక్ష, గాంధీజీ నడక వెనుక ఒక జాతి స్వాతంత్ర్యం ఉన్నవి. రాహుల్‌జీ సైతం కోరినది విద్యనూ లోకజ్ఞానాన్నీ. ఊరికే నడిచినవాడు ఎవడూ లేడు. వ్యాహ్యాళి అనే పాతమాట ఒకటి మనకు ఉన్నది గాని, అది రాజులు గుఱ్ఱమెక్కి చేసిన విహారం.

పైగా ఈ సాక్షులలో కొందరు నాకు ఎదురు తిరిగినారు. వర్షాకాలంలో భిక్షువులు తిరుగుతూ లేత పచ్చికనూ చిన్న ప్రాణులనూ త్రొక్కివేస్తున్నారని జనం ఆక్షేపించగా, బుద్ధుడు వారికి వర్షావాసం నియమించినట్లు వినయపిటకం చెప్పుతున్నది. జైనమునులకు ఈర్యాసమితి అని ఒక వ్రతమున్నది. ఎదుట కాడి పొడుగు నేలను చూచుకొంటూ, ఏ జీవికీ హాని కలగకుండా అడుగు వేయవలె. అనగా లోకకల్యాణంకోసం నడిచేవారి అడుగు కూడా నిర్దోషం కాదని వారు ఒప్పుకొన్నారు. నా సంతోషంకోసం నేను వేసే అడుగు ఎట్లా నిర్దోషమవుతుంది?

మన తెలుగు యాత్రాసాహిత్యంలో మేటి గ్రంథమైన 'కాశీయాత్ర చరిత్ర' కూడా అప్పుడే గుర్తుకు వచ్చినది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లలో చెన్నపట్నంనుండి కాశీకి వచ్చి తిరిగి పోతూ, దారిలోని ఊళ్ళనూ, ఏళ్ళనూ, ధరలనూ, ఆచారాలనూ ఎంతో శ్రద్ధతో వ్రాసి ఉంచినారు. ఆయన కన్ను గొప్పది, సందేహం లేదు. కాని ఆ కన్ను పల్లకీలోనుండి చూచినది. ఆ దూరాన్ని నిజంగా నడిచినవారు బోయీలు. వారు ఏమి చూచినారో, ఏది చూచి సంతోషించినారో చెప్పే గ్రంథం మనకు లేదు. బరువు భుజంమీద ఉన్నవానికి దృశ్యం దక్కదు. నా భుజంమీద ఏ బరువూ లేదు కాబట్టి నాకు దక్కుతున్నది. ఈ సంగతి తెలిసినా నేను చాలాకాలం దానిని ముఖాముఖి చూడలేదు.

2020లో చూడక తప్పలేదు. ఆ ఏడు మార్చి 25నుండి దేశమంతటా రాకపోకలు నిలిపివేసినప్పుడు, పడమటి నగరాలలో కూలి పోగొట్టుకొన్నవారు తూర్పునకు, బీహారుకూ జార్ఖండుకూ, నడిచి పోయినారు. కాశీ ప్రక్కనుండి పోయే రాజమార్గంమీద వారిని నేను చూచినాను. నెత్తిన మూటలు, చంకన పిల్లలు. చెప్పులు తెగినవారు సీసాలను నలగగొట్టి కాళ్ళకు కట్టుకొన్నారు. రోడ్డు ప్రక్కన తురాయిచెట్లు ఎఱ్ఱగా పూచి ఉన్నవి. తల ఎత్తి చూచినవారు లేరు. ఆ వేసవి అంతా నా ఉదయపు నడకను మానివేసినాను. వారి నడక, నా నడక ఒకే క్రియాపదంతో చెప్పవలసి రావడం నాకు సిగ్గుగా తోచినది.

అయితే సిగ్గుపడి మానివేసినంత మాత్రాన ప్రశ్న తీరదు. నేను ఇంట్లో కూర్చుంటే దారిన పోయేవాని బరువు తగ్గదు. పనిలేని నడకలో దొరికేది ఏమిటో, అది ఎవరి సొత్తో విచారించిన తరువాత గాని దానిని తప్పనిగాని ఒప్పనిగాని అనకూడదు. అందుచేత నాకు దొరికిన వాటిని గురించి కొంచెం చెప్పవలె. చాలా చిన్న సంగతులే.

మొదటిది అవిసె పువ్వు. ఈ ప్రాంతంలో అవిసెను తీసీ అంటారు. ఒక జనవరి ఉదయం ఒక చేను మొత్తం నీలంగా పూచి ఉండగా చూచి నిలిచిపోయినాను. ఇంటికి పోయి ఒక మిత్రునికి చెప్పి, మధ్యాహ్నం భోజనం తరువాత ఆయనను వెంటబెట్టుకొని వచ్చినాను. చేను పచ్చగా ఉన్నది. నీలం జాడ లేదు. చేను తప్పినానేమో అని గట్లన్నీ తిరిగినాను. కలుపు తీస్తున్న ఒక ఆమె మా వాలకం చూచి నవ్వి, "తీసీ పువ్వు పొద్దుటిది బాబూజీ. ఎండ ఎక్కితే రాలిపోతుంది. రేపు మళ్ళీ కొత్తవి పూస్తాయి" అన్నది. ఒక్కొక్క పువ్వుకు ఒక్క ఉదయమే ఆయుస్సు అని నేను ఆ రోజు నా నోటుబుక్కులో ఒక గొప్ప సంగతివలె వ్రాసుకొన్నాను. ఆమెకు అది ఊహ తెలిసిననాటినుండీ తెలుసు.

రెండవది నల్లటి పెంకు. ఈ పల్లెలలో పాతకాలపు ఊళ్ళు కూలి మట్టిదిబ్బలైన చోట్లను డీహ్ అంటారు. దిబ్బమీద వేపచెట్టు క్రింద ఊరిని కాచే డీహ్ బాబా ఉంటాడు. వాన పడి మట్టి కోసుకొనిపోయినప్పుడు అక్కడ పెంకులు బయటపడతాయి. ఒకసారి నాకు అద్దంవలె మెరిసే నల్లటి పెంకు ఒకటి దొరికినది. పురాతత్త్వవేత్తలు ఉత్తరాపథపు నల్లని మెరుగు పాత్రలు అనే కోవలోనిది. అట్టివి క్రీస్తు పూర్వం సుమారు 7వ శతాబ్దినుండి 2వ శతాబ్ది వరకు వాడుకలో ఉన్నవి. బుద్ధుని కాలపు అన్నపుగిన్నె ముక్క కావచ్చునని నా చేయి వణికినది. జేబులో వేసుకోబోతూ ఉండగా దిబ్బ క్రింద ఇద్దరు ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతూ కనబడినారు. వారి చేతిలో ఉన్నది అదే నల్లటి పెంకు. నా దానికంటె పెద్దది, అంచులు చక్కగా అరగదీసినది. ఒక పిల్ల నా చేతిలోనిది చూచి, "అది పనికిరాదు, మరీ చిన్నది" అన్నది. నేను దానిని తీసినచోటనే పెట్టి వచ్చినాను.

మూడవదానిని చెప్పడం కష్టం. తీతువు పిట్ట కూత అపశకునమని, అది విన్న ఇంట చావు కబురు వస్తుందని మా అమ్మ చెప్పేది. హిందీలో దానిని టిటిహరీ అంటారు. సంస్కృతంలో టిట్టిభం, పంచతంత్రంలో తన గుడ్లను అపహరించిన సముద్రునితో వైరం పెట్టుకొన్నది ఈ పక్షియే. ఇక్కడి రైతులకు ఇది అపశకునం కాదు, వాన చెప్పే పిట్ట. మిట్టమీద గుడ్లు పెడితే వానలు బాగా పడతాయని వారి నమ్మకం. గోధుమ కోతలు అయిపోయిన తరువాత ఒక ఏప్రిల్ ఉదయాన ఆ పిట్ట నా తలమీద తిరుగుతూ అరవడం చూచి నిలబడినాను. నా పాదానికి జానెడు దూరంలో, వట్టి నేలమీద, మట్టిపెళ్ళల రంగులో నాలుగు గుడ్లు ఉన్నవి. గూడు లేదు; చుట్టూ కొన్ని గులకరాళ్ళు, అంతే. ఇంకొక అడుగు వేసి ఉంటే వాటిని చూడకుండానే చిదిమివేసేవాణ్ణి. ఈర్యాసమితి అంటే ఏమిటో ఆ క్షణంలో నాకు తెలిసినది.

ఆ చేను కాకాది. రెండు రోజుల తరువాత ఆయన ట్రాక్టరుతో దున్నించినప్పుడు, ఆ గుడ్ల చుట్టూ మంచమంత చోటు దున్నకుండా వదలివేసినాడు. ఎందుకని అడిగితే, "దాని ఇల్లు గదా" అన్నాడు. నేను ఆ సంతోషాన్ని నాలో ఉంచుకోలేకపోయినాను. పట్టణంలో ముగ్గురు మిత్రులకు చెప్పినాను. ఒకరు కెమేరా తెచ్చినారు. అరగంటసేపు అక్కడ నిలబడినాము. పిట్ట అరుస్తూ తిరిగినది. గుడ్లు ఎండలో ఉన్నవి. మరునాడు పోయి చూస్తే ఒక్కటీ లేదు. కాకి ఎత్తుకొనిపోయినదో, కుక్క తిన్నదో నాకు తెలియదు. కాని పిట్టను లేవగొట్టినదీ, చోటు బయటపెట్టినదీ మేమే. కాకా నన్ను ఒక్కమాట అనలేదు. ఆ సాయంత్రం ఆ మంచమంత నేలను పారతో త్రవ్వి చదును చేసుకొన్నాడు.

తెలుగులో 'కనుగొనుట' అనే మాట ఉన్నది. దానిని విడదీస్తే కను, కొను అని రెండు మాటలు వస్తాయి. అనగా కంటితో తీసుకొనుట. నేను రోజూ వాడే మాటే అయినా, ఆ సాయంత్రం దాని అర్థం నన్ను నిలదీసినది. కంటితో తీసుకొన్నదానిని చేతితో తీసుకోకూడదు. నోటితో పంచిపెట్టే ముందు కూడా ఆలోచించవలె. కనుగొన్నవాడు దానికి యజమాని కాడు, మొదటి సాక్షి కూడా కాడు. అవిసె పువ్వు సంగతి కలుపు తీసే ఆమెకు తెలుసు, పెంకు సంగతి ఆడపిల్లలకు తెలుసు, గుడ్ల సంగతి కాకాకు తెలుసు. నేను కనుగొన్నది నా అజ్ఞానంలోని ఖాళీలను మాత్రమే. పనిలేని నడక వలన లాభమేమిటని అడిగితే, ఇది చిన్న లాభం కాదంటాను. తనకు తెలిసినది ఎంత తక్కువో మనిషికి మందలింపుగా గాక కానుకగా తెలియజేసేది అది. కాని కానుక తీసుకొన్నవానిమీద ఋణం ఉంటుంది. ఆ ఋణం ఎట్లా తీర్చవలెనో నాకు తోచలేదు. 2023లో దానిని అడిగే రోజు వచ్చినది.

కాశీకి ఉత్తరంగా రింగురోడ్డు మొదటి భాగం 2018 నవంబరులో తెరువబడినది. దానితో ఈ పొలాల ధర పెరిగినది. నేను నడిచే కాలిబాట ఒక ముసలి రైతు చేనిగట్టు మీదుగా పోయేది. ఆయన పోయిన తరువాత కొడుకులు ఆ చేనిని అమ్మినారు. కొన్న ఆసామి చుట్టూ గోడ ఎత్తడం మొదలుపెట్టినాడు. అతడు చెడ్డవాడని నేను అనను; తన డబ్బుతో కొన్నదానికి గోడ కట్టుకొనే ఎవడైనా చేసే పనే చేసినాడు. కాని ఆ గోడ పూర్తి అయితే వెనుక పొలాలవారూ, గడ్డిమోపులతో వచ్చే ఆడవారూ, బడికి పోయే పిల్లలూ దాదాపు ఒక క్రోసు చుట్టు తిరగవలె. 1953 నాటి చక్‌బందీ చట్టం క్రింద భూములను ఏకం చేసినప్పుడు వేసిన చక్‌రోడ్లు లేఖ్‌పాల్ పటంలో ఉంటాయి. ఈ బాట పటంలో లేదు. అది జనం పాదాలలో మాత్రమే ఉన్నది.

ఒక సాయంత్రం కాకా మరి నలుగురితో మా ఇంటికి వచ్చినాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన మా గడప తొక్కడం అదే మొదటిసారి. "బాబూజీ, మేము అక్కడ నడుస్తామని మేము చెబితే, మీ లాభం కోసం చెబుతున్నారంటారు. మీకు అక్కడ భూమి లేదు, పని లేదు. మీరు ఊరికే నడిచినారు. మీ మాట చెల్లుతుంది" అన్నాడు. ఏ మాట నన్ను ఇన్నేళ్ళుగా కుట్టుతూ ఉన్నదో, ఆ మాటనే ఆయన ఇప్పుడు యోగ్యతగా నా ముందు పెట్టినాడు.

నా దగ్గర తేదీలతో సహా నోటుబుక్కులు ఉన్నవి. ఏ రోజు ఏ గట్టుమీద ఏ పిట్టను చూచినానో, ఏ చెట్టు పూచినదో అన్నీ వ్రాసినాను. వాటిని తీసుకొని వారి వకీలు దగ్గరకు పోయినాము. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఒక దారిని 20 సంవత్సరాలు శాంతియుతంగా, బహిరంగంగా, అడ్డులేకుండా, హక్కుగా వాడుకొన్నట్లు రుజువైతే ఆ దారి హక్కు స్థిరపడుతుందని ఆయన చెప్పినాడు. ఆ చట్టాన్ని హిందీలో 'సుఖాచార్' చట్టమంటారు. సుఖమూ, ఆచారమూ, ఆ రెండవ మాటలో మళ్ళీ అదే 'చర' ధాతువు. సుఖంగా నడవడం అనే నా వ్యసనానికి న్యాయస్థానంలో ఒక పేరు ఉన్నదని అంతవరకు నాకు తెలియదు.

వకీలు నోటుబుక్కులు తిరగవేస్తూ 2001 డిసెంబరు నాటి ఒక పుటవద్ద ఆగినాడు. అందులో నేను ఇట్లా వ్రాసి ఉన్నాను: 'గట్టుమీద పోవచ్చునా అని చేని యజమానిని అడిగినాను. నవ్వి, పొమ్మన్నాడు.' వకీలు ముఖం చిట్లించి, "ఇది ఉండకూడదు. అనుమతితో నడిచిన నడక హక్కు కాదు. ఆ పుటలున్న పుస్తకాన్ని ఇంట్లో ఉంచండి. తరువాతవి చాలు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పమనలేదు. ఒక నిజాన్ని ఇంట్లో ఉంచమన్నాడు, అంతే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక ప్రక్క గడ్డిమోపులతో క్రోసు చుట్టు తిరిగే ఆడవారు. వారి భూమిమీద ఇరవై రెండేళ్ళు ఉచితంగా సంతోషించిన ఋణం. మరొక ప్రక్క ఎనిమిది మాటల ఒక వ్రాత. ఋణం తీర్చడానికి ఒక పుటను దాచితే తప్పా? అనువాదకునికి ఈ ప్రలోభం కొత్త కాదు. మూలంలో ఇబ్బంది పెట్టే వాక్యం ఒకటి వస్తుంది, అది వదలివేస్తే మిగిలినదంతా చక్కగా కుదురుతుంది, ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళ వృత్తిలో నేను నేర్చుకొన్నది ఒక్కటే. అట్లా వదలిన వాక్యమే చాలాసార్లు మూలంలోని ప్రాణం.

తెల్లవారేటప్పటికి ఆ రెండు వాక్యాలను నేను సరిగా చదవలేదని గ్రహించినాను. యజమాని ఎందుకు నవ్వినాడు? ఆ బాటమీద పోవడానికి అనుమతి అడిగిన మనిషిని ఆయన అంతవరకు చూచి ఉండలేదు. ఊరివారు ఎవరూ అడగలేదు. అడగవలెనని వారికీ తోచలేదు, వారు అడగవలెనని ఆయనకూ తోచలేదు. అడిగినవాణ్ణి నేను ఒక్కణ్ణే, ఎందుకంటే నేను బయటివాణ్ణి. నాకు ఇచ్చినది అనుమతి; వారికి ఉన్నది హక్కు. నా సంతోషం దానంగా వచ్చినది. వారి నడక అవసరంలోనుండి వచ్చినది. ఈ రెంటినీ ఒకటిగా చూచినంతవరకు ఆ పుట వారికి ప్రమాదం. వేరువేరుగా చూస్తే వారి హక్కుకు అదే సాక్ష్యం. నోటుబుక్కులన్నీ, ఆ పుటతో సహా, ఇచ్చినాను. ఆ నవ్వు సంగతి కూడా నా వాఙ్మూలంలో వ్రాసి సంతకం చేసినాను.

వ్యవహారం న్యాయస్థానం మెట్లెక్కలేదు. ఊరి పెద్దలూ, కొన్న ఆసామీ, వకీళ్ళూ కూర్చుని మాట్లాడుకొన్నారు. నా నోటుబుక్కులవలననే ఒప్పందం కుదిరినదని అనుకొంటే అది నా గర్వమే అవుతుంది. వెనుక పొలాలవారు ఇరవై మంది ఒక్కమాటమీద నిలబడినారు, అది అసలు కారణం. ఆసామి గోడను వెనుకకు జరిపి నాలుగు అడుగుల వెడల్పున దారి వదలినాడు. రెండు బస్తీలకు నడుమ ఉండే సందువలె ఉంటుంది. గడ్డిమోపు ఎత్తుకొన్న ఆడది పోగలదు. ఎదురుగా ఇంకొక మోపు వస్తే ఒకరు వెనుకకు నడవవలె.

ఆ సందులో చూడడానికి ఏమీ లేదు. అవిసె చేను లేదు, తీతువు లేదు. రెండు ప్రక్కలా ఇటుకగోడలు, పైన ఆకాశపు పట్టెడ. అందమైన దారి కావలెనంటే వరుణ ఒడ్డువెంట ఇంకొక బాట ఉన్నది. అయినా నేను రోజూ ఆ సందులోనుండే పోతున్నాను. కాలిబాటకు పత్రం లేదు, పటం లేదు. నడిచేవారు ఉన్నంతకాలమే అది బాట. మానివేసిన బాటమీద మొదట గరిక వస్తుంది, తరువాత కంప వస్తుంది, ఆ తరువాత గోడ వస్తుంది. ఆ గరికను రానీయకుండా రోజుకు రెండుసార్లు నా పాదాలు చేసే పని చాలా చిన్నది. కాని ఇరవై ఏళ్ళు తీసుకొని, ఏమీ ఇవ్వని పాదాలు అవి.

ఊరికే నడవడం తప్పా అని నేను మొదట అడిగినాను. తప్పు కాదని ఇప్పుడు అనుకొంటున్నాను. కాని అది నిర్దోషమని కూడా అనలేను. బరువు మోసేవాడు చూడలేనిదానిని బరువు లేనివాడు చూస్తున్నాడు. చూచినంత మాత్రాన ఆ బరువు తనది కాకుండా పోదు. ఎవరి గట్టుమీద నడిచినానో వారు పిలిచినప్పుడు, చూచినదానిని చూచినట్లు, ఎక్కువా తక్కువా చేయకుండా చెప్పడమే ఆ నడకకు వెల. పిలుపు రాకపోవచ్చు. అప్పటివరకు శ్రద్ధగా చూడడం, గూటిని గురించి నోరు మెదపకపోవడం, మోపు ఎదురైనప్పుడు ప్రక్కకు తప్పుకోవడం చేయవచ్చు.

మొన్న ఉదయం ఆ సందు మొదటిలో కాకా కనబడినాడు. ఆయనకు ఇప్పుడు చూపు తగ్గినది. అడుగుల చప్పుడునుబట్టి మనిషిని గుర్తుపడతాడు. "ఎక్కడికి బాబూజీ?" అని అడిగినాడు.

"ఊరికే కాకా" అన్నాను.

"పదండి, నేనూ వస్తాను" అని కర్ర తీసుకొని లేచినాడు. సందు ఇరుకు కాబట్టి ఆయనను ముందు నడవనిచ్చి, నేను వెనుక నడిచినాను.